కుక్కతో డబుల్ బెడ్రూం: హైదరాబాద్‌లో అడగాల్సింది ఎవర్ని, వెతకాల్సింది ఎక్కడ

హైదరాబాద్‌లో టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే అవతల నుంచి వచ్చే ప్రశ్నలు దాదాపు ఒకే వరసలో ఉంటాయి. ఫ్యామిలీయేనా, ఎంతమంది ఉంటారు, జాబ్ ఎక్కడ, నాన్‌వెజ్ వండుతారా, కొందరైతే మీరేమిట్లు అని కులం కూడా అడిగేస్తారు. ఇవన్నీ దాటి, అద్దె కూడా కుదిరి, చివర్లో "ఒక కుక్క ఉందండి, చిన్నదే" అనగానే రెండు సెకన్లు ఫోన్‌లో ఏమీ వినపడదు. తర్వాత "ఇంట్లో అడిగి చెప్తానండి" అంటారు, ఆ ఫోన్ మళ్ళీ రాదు. చాలాసార్లు ఆ ఓనర్‌కి కుక్కలంటే పడక కాదు, తను సరే అన్నా రేపు పై ఫ్లోర్ వాళ్ళు ఏమంటారో, అసోసియేషన్ ప్రెసిడెంట్ ఏమంటాడో తెలీక, ఎందుకొచ్చిన గొడవ అని వదిలేస్తాడు. కుక్క లేని టెనెంట్ ఎల్లుండికల్లా ఎలాగూ దొరుకుతాడు కదా.

ఈ వెతుకులాటలో అసలు చిక్కు అదే. ఒక్క ఫ్లాట్‌లో కుక్కని పెట్టుకోవాలంటే ఎంతమంది నోటి నుంచి సరే అని రావాలి అనేదాన్ని బట్టే అద్దె, శ్రమ, ఆ తర్వాతి మనశ్శాంతి అన్నీ ఆధారపడి ఉంటాయి. పశ్చిమం వైపు పెద్ద కమ్యూనిటీల్లో చాలా ఫ్లాట్ల ఓనర్లు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు, తాళాలు మాత్రం ఏ నిజాంపేటలోనో ఉండే బావమరిది దగ్గరుంటాయి. డల్లాస్‌లో ఉన్న ఓనర్ ఇంట్లోనే కుక్క ఉండొచ్చు, ఆయనకి ఏ అభ్యంతరమూ ఉండదు, కానీ రేపు ఏదైనా అయితే మాట పడాల్సింది బావమరిది కాబట్టి ఆయన వద్దంటాడు. ఆ పైన అసోసియేషన్, దాని కింద ఫెసిలిటీ మేనేజర్, గేటు దగ్గర సెక్యూరిటీ, ఎదురు ఫ్లాట్ వాళ్ళు. అదే ఐదంతస్తుల స్టాండలోన్ అపార్ట్‌మెంట్‌లో అయితే ఓనరు, మిగతా తొమ్మిదో పదో ఫ్లాట్ల వాళ్ళు. ఇండిపెండెంట్ ఇంట్లో పై పోర్షన్ అయితే కింద ఉండే ఓనరూ ఆయన భార్యా, అంతే, అక్కడ ఆవిడ సరే అంటే పని అయిపోయినట్టే.

మరి యాప్‌లో పెట్స్ అలౌడ్ అని టిక్ పెట్టి వెతికితే ఎక్కువగా కనపడేవి కొండాపూర్, గచ్చిబౌలి, నల్లగండ్ల, కోకాపేట్ వైపు గేటెడ్ కమ్యూనిటీలే ఎందుకంటే, అక్కడ వందల ఫ్లాట్లుంటాయి, అప్పటికే చాలా ఇళ్ళల్లో కుక్కలుంటాయి, ఏ లిఫ్ట్‌లో ఎక్కించాలి ఎక్కడ తిప్పాలి అని అసోసియేషన్ ఎప్పుడో ఒక పద్ధతి పెట్టుకుని ఉంటుంది. అందుకని ఓనర్ ధైర్యంగా ఆ టిక్ పెడతాడు. ఆ ధైర్యానికి క్లబ్‌హౌస్‌తో, స్విమ్మింగ్ పూల్‌తో కలిపి అద్దె కట్టాలి. 1,200 అడుగుల ఫ్లాట్‌కి అడుగుకి మూడున్నర చొప్పున మెయింటెనెన్స్ వేసుకున్నా నెలకి 4,200 అవుతుంది, అది అద్దె కాక. ఆ లిస్టింగులు మాత్రమే చూసినవాళ్ళకి కుక్క ఉంటే హైదరాబాద్‌లో బతకలేం అనిపించడం సహజం. కానీ బడ్జెట్‌లో దొరికే ఇళ్ళకి ఆ టిక్ ఉండదు. ఆ ఓనర్‌ని ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు, లేదా బ్రోకరే ఆయన తరఫున వద్దు అని నింపేసి ఉంటాడు.

ఇంతకీ ఓనర్ల భయం దేనికి అనేది కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే మాట్లాడి ఒప్పించేది అక్కడే. మొదటిది తలుపు. లోపల గడియపెట్టి వదిలేసిన కుక్క బయటికి రావాలని తలుపుని గోకుతుంది, ఎప్పుడూ ఒకేచోట, కింద నుంచి అడుగు ఎత్తులో. బెడ్రూములకి వేసేవి టేకు తలుపులు కావు, ఫ్లష్ డోర్లు, పైన పల్చటి పొర, లోపల నాసిరకం చెక్క. ఆ పొర ఒక్కసారి లేచిందంటే మూడు నెలల్లో అక్కడ గుంట పడి, కింద నేల మీద రోజూ చెక్కపొడి రాలుతుంది. పెయింట్ వేసినా ఆ గుంట దాగదు, తలుపు మార్చాల్సిందే. కుక్కని పెంచిన టెనెంట్ ఒకసారి అలా వదిలేసి వెళ్ళాక ఆ ఓనర్ జన్మలో ఇంకో కుక్కకి ఒప్పుకోడు, ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు. తలుపు కింద భాగానికి రెండడుగుల ఎత్తున పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్ బిగిస్తే అయిపోయే పనికి వేలల్లో నష్టం జరుగుతుంటుంది. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడే "తలుపులకి షీట్ మేమే వేయించుకుంటామండి" అని చెప్తే ఓనర్ మొహంలో తేడా తెలుస్తుంది, ఎందుకంటే ఆయన బయటికి అనని భయాన్ని టెనెంటే ముందుగా ఎత్తాడు.

రెండోది స్టిల్ట్ పార్కింగ్, అంటే బిల్డింగ్ కింద పిల్లర్ల మధ్య బళ్ళు పెట్టే చోటు. పొద్దున ఆరు గంటలకి వాచ్‌మన్ పైపు పెట్టి కింద అంతా కడుగుతుంటాడు, అదే టైముకి కుక్కని దించుతారు, అది గేటు దాటేలోపే ఎవరిదో కొత్త కారు టైరు దగ్గర కాలెత్తుతుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొదటి ఫొటో పడేది దీనికే. కుక్కలకి కారు టైర్లంటే ఆ అలవాటు ఎందుకంటే ఊరంతా తిరిగొచ్చిన టైరు మీద వేరే కుక్కల వాసనలుంటాయి, దాని మీద తన గుర్తు వేసుకుంటుంది, తిడితే మానదు. మెట్ల దగ్గర నుంచి గేటు దాకా లీష్ పొట్టిగా పట్టుకుని ఆగకుండా నడిపించాలి, చేతిలో ఒక నీళ్ళ బాటిల్ ఉండాలి. వాచ్‌మన్‌తో సంబంధం బాగుంటే ఇందులో సగం గొడవలు గ్రూపు దాకా రావు.

మూడోది, అసలు ఇళ్ళు ఖాళీ చేయించేది, అరుపు. దీంట్లో బాధ ఏంటంటే కుక్క అరుస్తుందన్న సంగతి దాన్ని పెంచేవాళ్ళకే ఆఖర్న తెలుస్తుంది. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళిపోతారు, వచ్చేసరికి అది తోక ఊపుకుంటూ ఎదురొస్తుంది, పొద్దుట్నుంచీ గుమ్మం దగ్గర ఏడ్చిందని వీళ్ళకేం తెలుసు. పక్క ఫ్లాట్‌లో నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్నవాళ్ళకీ, చంటిపిల్లలున్న ఇంటికీ తెలుసు. వాళ్ళు ఒకట్రెండు నెలలు ఓపిక పట్టి, ఆ తర్వాత నేరుగా ఓనర్‌కి ఫోన్ చేస్తారు. పాత ఫోన్ ఒకటి రికార్డింగ్‌లో పెట్టి రెండు రోజులు వింటే మన కుక్క సంగతి మనకే తెలుస్తుంది. ఎనిమిది పది గంటలు ఒంటరిగా ఉండలేని కుక్క అయితే మధ్యాహ్నం ఒకసారి వచ్చి తిప్పే మనిషి ఖర్చు కూడా అద్దెలో భాగమే అనుకుని బడ్జెట్ వేసుకోవాలి. బాల్కనీలో కట్టేసి వెళ్ళడం మాత్రం అన్నిటికంటే తప్పు పని, దానికీ నరకం, వీధికీ నరకం, పైగా మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊరిది.

చట్టం సంగతికొస్తే, చాలామంది సగమే తెలుసుకుని గొడవకి దిగుతారు. కేంద్రం కింద పనిచేసే యానిమల్ వెల్ఫేర్ బోర్డ్ 2015లో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. అసోసియేషన్ పెంపుడు జంతువుల్ని నిషేధించడానికి లేదు, మెజారిటీ ఓటుతో తన నిబంధనలు (బైలాస్) మార్చుకున్నా లేదు, కుక్క పెద్దదని, అరుస్తుందని చెప్పి తీసేయమనడానికి లేదు, లిఫ్ట్ ఎక్కనివ్వం అనడానికీ, దానికి విడిగా ఛార్జీ వసూలు చేయడానికీ లేదు అని అందులో ఉంది. 2021లో కేరళ హైకోర్టు కూడా నివాసితులు పెంపుడు జంతువుల్ని ఉంచుకోకూడదని రాసుకునే ఇలాంటి షరతులు చెల్లవని తీర్పిచ్చింది, అది ఇక్కడ కట్టుబడాల్సిన తీర్పు కాకపోయినా వాదనకి బలమైనదే. 2024 మార్చిలో రాట్‌వీలర్, పిట్‌బుల్ లాంటి 23 జాతుల మీద ఆంక్షలు పెట్టమని కేంద్రం పంపిన సర్క్యులర్‌ని చూపించి భయపెట్టేవాళ్ళుంటారు, దాన్ని ఆ ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు కొట్టేసింది.

కానీ ఇవన్నీ అసోసియేషన్ చేతులు కట్టేస్తాయి గానీ ఓనర్ చేతులు కట్టవు. తన ఫ్లాట్ ఎవరికి ఇవ్వాలో, ఏ షరతుతో ఇవ్వాలో ఓనర్ ఇష్టం. మన దగ్గర అగ్రిమెంట్లు 11 నెలలకే రాసుకుంటారు, ఏడాది దాటే లీజుని రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెప్తుంది కాబట్టి ఆ ఖర్చు తప్పించుకోడానికి. దీనర్థం టెనెంట్‌కి ప్రతి 11 నెలలకీ ఒక పరీక్ష ఉన్నట్టే, అసోసియేషన్‌తో గొడవలో గెలిచినా రెన్యూవల్ దగ్గర ఓనర్ మెల్లగా "మావాళ్ళు వస్తున్నారండి" అనొచ్చు. సొంత ఫ్లాట్ ఉన్నవాళ్ళకి ఆ మార్గదర్శకాలు, తీర్పులు కవచం. అద్దెకుండేవాళ్ళకి లిఫ్ట్ దగ్గరా, పెట్ ఫీజు అని అడిగినప్పుడూ పనికొస్తాయి, అది కూడా ఓనర్ మనవైపు ఉన్నప్పుడే. అందుకే మొదటి రోజే ఆ మార్గదర్శకాల ప్రింట్ తీసి చూపించడం కంటే ఓనర్‌ని మనవైపు తెచ్చుకోవడం మీద టైం పెట్టడం మంచిది.

ఇక ఎక్కడ వెతకాలి. టులెట్ బోర్డుల కోసం వీధులు తిరిగేటప్పుడు గేట్ల మీద ఇంకో బోర్డు కోసం కూడా చూడాలి, కుక్క ఉన్నది జాగ్రత్త అని ఉంటుందే, అది. ఆ ఇంట్లో పై పోర్షన్ ఖాళీగా ఉంటే అంతకంటే మంచి ఇల్లు ఉండదు, లేకపోయినా ఆగి అడగాలి, ఎందుకంటే కుక్కలు పెంచేవాళ్ళకి కాలనీలో ఎవరు కుక్కకి ఒప్పుకుంటారో, ఎవరు ఖాళీ చేయబోతున్నారో తెలుస్తూ ఉంటుంది, పొద్దున వాకింగ్‌లో వాళ్ళకి ఇవే కబుర్లు. దగ్గర్లో ఉన్న వెటర్నరీ క్లినిక్‌లో కాంపౌండర్‌ని అడిగినా అంతే. కాకపోతే ఓనర్ కుక్కకీ మన కుక్కకీ పడుతుందో లేదో అడ్వాన్స్ ఇవ్వకముందే గేటు బయట ఒకసారి కలిపి చూసుకోవాలి, రెండూ మగవైతే మరీ.

ఏరియాల విషయంలో సైనిక్‌పురి, యాప్రాల్, అల్వాల్ వైపు రిటైర్డ్ ఆర్మీ కుటుంబాలు ఎక్కువ, ఇండిపెండెంట్ ఇళ్ళు ఎక్కువ, కుక్కంటే అక్కడ వింత కాదు, పొద్దున పూట నడిపించడానికి చెట్లున్న రోడ్లుంటాయి. ఇబ్బందల్లా హైటెక్ సిటీకి ఇరవై, పాతిక కిలోమీటర్ల దూరంలో ఉండటం, అంటే కుక్క ఇంకో రెండు మూడు గంటలు ఒంటరిగా ఉంటుంది, ఆ లెక్క కూడా చూసుకోవాలి. హబ్సిగూడ, తార్నాక, నాగోల్, ఉప్పల్ అయితే మెట్రో బ్లూ లైన్ నేరుగా రాయదుర్గం దాకా వెళ్తుంది, రోజూ వెళ్ళొచ్చే మనిషికి ఇది పెద్ద సుఖం. వనస్థలిపురం, మల్కాజిగిరి లాంటి పాత కాలనీల్లో లిఫ్ట్ లేని రెండు మూడంతస్తుల బిల్డింగులు ఇంకా ఉన్నాయి, లిఫ్ట్ లేదని జనం వెనకాడతారు గానీ లిఫ్ట్ లేనిచోట లిఫ్ట్ గొడవే ఉండదు. ఐటీ వైపే ఉండి తీరాలంటే మియాపూర్, చందానగర్, బాచుపల్లి, ప్రగతినగర్ లోపలి వీధుల్లో స్టాండలోన్ అపార్ట్‌మెంట్లలో ఫస్ట్ ఫ్లోర్ కోసం చూడాలి. స్టిల్ట్ మీద ఒక్క అంతస్తే కాబట్టి మెట్ల మీద దింపేయొచ్చు, ముసలి కుక్కకైనా అది నయం. పెంట్‌హౌస్ చౌకగా వస్తుంది, ముందు బోలెడు టెర్రస్ ఉంటుందని ఆశపడతారు, కానీ ఎండాకాలం ఆ స్లాబు కింద మనుషులే ఉండలేరు, బొచ్చుకుక్క అసలు ఉండలేదు, పైగా చాలాచోట్ల అవి ప్లాన్‌లో లేకుండా కట్టినవి.

తెలుగువాళ్ళు వద్దనుకునే ఇళ్ళు ఏవో గమనిస్తే కుక్క ఉన్నవాళ్ళకి బేరం అక్కడ కుదురుతుంది. తూర్పు ఫేసింగ్ ఫ్లాట్ ఆదివారం బోర్డు పెడితే బుధవారానికి ఉండదు, దక్షిణం ఫేసింగ్ ఫ్లాట్ రెండు నెలలు ఖాళీగా ఉంటుంది. ఆషాఢంలో కొత్తింట్లో పాలు పొంగించరు, మూఢంలో కదలరు, పుష్యంలో కదలరు. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా స్కూళ్ళ కోసం ఇళ్ళు మారే సీజన్, అప్పుడు ఓనర్‌కి పది మంది ఫోన్ చేస్తుంటే పదకొండో వాడి కుక్క గురించి ఎవరు వింటారు. అదే ఆషాఢంలో, నెల అద్దె పోతోందని దిగులుగా ఉన్న ఓనర్ దగ్గరికి వెళ్ళి, పట్టింపులేం లేవండి వచ్చే ఆదివారమే దిగుతాం, కుక్క సంగతి మాత్రం ఇదీ అంటే, ఆయన కూర్చోబెట్టి మాట్లాడతాడు. అద్దె ఒక వెయ్యి తగ్గించమనే బదులు ఆ బేరాన్ని కుక్క కోసం వాడుకోవడం తెలివైన పని.

మాట్లాడేటప్పుడు దాచొద్దు. ముందు దిగిపోదాం, తర్వాత తెచ్చుకుందాం అనే సలహా బ్రోకర్లే ఇస్తుంటారు, కమీషన్ కింద నెల అద్దె తీసుకుని ఆయన వెళ్ళిపోతాడు, రెండో నెల్లో ఇల్లు ఖాళీ చేసేది మనం. బ్రోకర్‌కి కూడా మొదటి వాక్యంలోనే చెప్పాలి. ఓనర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక ఫైల్ తీసుకెళ్ళాలి, రేబిస్ టీకా కార్డు, మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చే కుక్క లైసెన్సు (టీకా సర్టిఫికెట్ ఉంటేనే ఇస్తారు), పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఉంటే ఆ కాగితం, వీలైతే పాత ఓనర్ ఫోన్ నంబరు. 2023లో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ళ పిల్లాడు చనిపోయాక ఈ ఊళ్ళో తల్లిదండ్రుల భయం వేరేగా ఉంది, ఇంటి కుక్కకీ వీధికుక్కకీ తేడా చెప్పి వాదించేకన్నా ఆ టీకా కార్డు చేతికిచ్చి, కింద పిల్లలాడుకునే టైములో కుక్కని దించం అని చెప్పడం ఎక్కువ పనిచేస్తుంది. మనుషుల మీదకి ఎగరని కుక్క అయితే తీసుకెళ్ళి చూపించాలి కూడా.

ఒప్పుకున్నాక అది అగ్రిమెంట్‌లో పడాలి. "సరేలెండి, ఉంచుకోండి" అన్న మాట ఆ ఓనర్ ఫ్లాట్ అమ్మేసినా, వ్యవహారం బావమరిది చేతికొచ్చినా చెల్లదు. ఫలానా జాతి, ఫలానా వయసు కుక్క ఒకటి ఉంచుకోడానికి ఓనర్ సమ్మతించారు అని ఒక వాక్యం, కుక్క వల్ల అయిన డ్యామేజీకి బిల్లు చూపించి అడ్వాన్స్‌లో కట్ చేసుకోవచ్చు అని ఒకటి, ఫిర్యాదు వస్తే సరిదిద్దుకోడానికి నెల రోజులు టైం ఇవ్వాలి అని ఇంకొకటి. ఈ మూడో వాక్యం మీద పట్టుబట్టాలి, సగం మంది ఇళ్ళు పోగొట్టుకునేది అది లేకే.

డబ్బు లెక్క ముందే వేసుకోవాలి. 20 వేల అద్దె ఇల్లు అనుకుంటే రెండు నెలల అడ్వాన్స్ 40 వేలు, మొదటి నెల 20, బ్రోకర్‌కి 20, మొత్తం 80 వేలు. కుక్క కోసం ఓనర్ ఇంకో నెల అడ్వాన్స్ అడిగితే లక్ష. అది తిరిగొచ్చే డబ్బు కాబట్టి దానికి ఒప్పుకోవచ్చు, నెలనెలా అద్దె మీద రెండు వేలు ఎక్కువ ఇవ్వమంటే మాత్రం అది తిరిగిరాదు, దానికంటే అడ్వాన్స్ పెంచడమే మేలు.

పిల్లి ఉన్నవాళ్ళకి పని కొంచెం తేలిక. అరవదు, కిందికి దిగదు, లిఫ్ట్ ఎక్కదు. ఈ ఊళ్ళో పావురాల నెట్ లేని బాల్కనీ అరుదు కానీ ఆ నైలాన్ నెట్‌ని పిల్లి కొరికేస్తుంది, ఇంకొంచెం గట్టి మెష్ వేయించాలి, దానికి ఓనర్ అనుమతి కావాలి. టోలిచౌకి, మెహదీపట్నం వైపు ముస్లిం ఓనర్లలో కుక్కకి ఒప్పుకోనివాళ్ళు కూడా పిల్లికి చాలాసార్లు అభ్యంతరం చెప్పరు.

ఇల్లు దొరక్క ఆఖరికి కుక్కని ఎక్కడో వదిలేసి వచ్చే కుటుంబాలున్నాయి. ఏడ్చుకుంటూనే వదిలేస్తారు, కానీ ఇంట్లో అన్నం తిని పెరిగిన కుక్కకి వీధిలో హద్దులు తెలీవు, అక్కడి గుంపు దాన్ని ఉండనివ్వదు, రోడ్డు దాటడం రాదు. తిండీ నీళ్ళూ లేక బాధపడే పరిస్థితిలో అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం కూడా. ఇల్లు ఖాళీ చేయాల్సిన తేదీ దగ్గరపడుతుంటే ఒక నెల రోజులు కుక్కని ఊళ్ళో అమ్మానాన్నల దగ్గరో, డబ్బులిచ్చి బోర్డింగ్‌లోనో ఉంచి ఈలోపు వెతుక్కోవచ్చు, కాకపోతే కొత్త ఓనర్‌కి కుక్క ఉందని చెప్పే దిగాలి.

తాళాలు చేతికొచ్చిన రోజు సామాన్లు ఎక్కించకముందే ప్రతి తలుపు కింద భాగాన్నీ, మెయిన్ డోర్ ఫ్రేమునీ, బాల్కనీ మూలల్నీ, కిచెన్ కప్‌బోర్డుల అడుగు చెక్కల్నీ ఫోన్‌లో వీడియో తీసి ఆ పూటే ఓనర్‌కి వాట్సాప్ చేయాలి. పాత గీతలు పాతవే అని అప్పుడే ఒప్పుకుంటారు. ప్లాస్టిక్ షీట్లు బిగించాక ఇంకో ఫొటో పంపితే ఆయనకి కూడా ఆ రాత్రి నిద్ర పడుతుంది.